ప్రోగ్రాము ప్రోగ్రామును పిలిచిన కథ



ముప్పది యేండ్లకు పైగా ఉన్నతపాఠశాలలలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాడను. చిన్ననాట నేను చదివినవి అమరము, రఘువంశము, బాలవ్యాకరణము. అట్టివాడు కంప్యూటరును గూర్చి ప్రసంగింప పూనుట వింతగా తోచినచో అది శ్రోతల తప్పు గాదు. నన్నీ విషయమునకు ఈడ్చుకొని వచ్చినది ఒక విండో. అది తెరమీద తెఱచుకొని రెప్పపాటులో మూసికొనిపోయినది. అందులో నేదియో యొక పంక్తి వ్రాయబడి యుండెను. దానిని చదువుటకు నాకు గాని, నా ప్రక్క గూర్చున్న బాలునకు గాని వ్యవధి చాలలేదు. ఆ పంక్తి యేమై యుండునని తెలిసికొన బయలుదేఱి నేను అరువది యేండ్ల చరిత్రలో తిరుగవలసి వచ్చినది.

సంగతి 2009వ సంవత్సరము డిసెంబరు నెలలో జరిగినది. నేనప్పుడు పని చేయుచున్న పాఠశాలలో అయిదు కంప్యూటర్లుండెను. వానిని కనిపెట్టి యుండు బాధ్యత నా మీద పడినది. అందుకు కారణము నా విద్వత్తు గాదు. తెలుగు పండితునకు ఖాళీ పీరియడ్లు ఎక్కువ యని పెద్దలకు కల నమ్మకము. తొమ్మిదవ తరగతి బాలుడొకడు, చుఱుకైనవాడు, మార్కుల లెక్కలకై ఒక చిన్న ప్రోగ్రాము వ్రాసినాడు. ఒక యంకె నొక్కినచో మొత్తము వేయును, వేఱొకటి నొక్కినచో అచ్చునకు పంపును, ఇంకొకటి నొక్కినచో అక్కఱ తీఱిన ఫోల్డరును తుడిచివేయును. ఈ చివరి పనిని వాని ప్రోగ్రాము తానై చేయదు. లినక్సులో ఆ పనికై 'ఆర్ ఎమ్' అను చిన్న ప్రోగ్రాము ముందే యున్నది. బాలుని ప్రోగ్రాము ఒక టెర్మినలు విండోను తెఱపించి, అందులో ఆర్ ఎమ్మును నడిపించును. "ఉన్నదాన్ని మళ్ళీ ఎందుకు రాయడం మాస్టారూ? పిలిస్తే అదే వస్తుంది" అన్నాడు. సూత్రములలో అనువృత్తి వలె నున్నదే యని నేను సంతసించితిని.

ఫోల్డర్ల పేర్లు తెలుగులోనే యుండవలెనని పట్టుపట్టినవాడను నేను. ఆ యేటి మార్కులున్న ఫోల్డరు పేరు 'మార్కులు'. గడచిన యేటి దాని పేరు 'మార్కులు పాతవి'. ఆ దినమున పాతదానిని తుడిచివేయ నెంచి బాలుడు దాని పేరు కొట్టి మీట నొక్కెను. విండో మెఱసి మాయమయ్యెను. తరువాత చూడగా పాత ఫోల్డరు చెక్కుచెదరక యున్నది; క్రొత్తది లేదు. మూడు తరగతుల అర్ధసంవత్సర పరీక్షల మార్కులు, నూటముప్పదిమందికి పైగా పిల్లలవి, పోయినవి. వేఱొక ప్రతి యేదియు మేము తీసి యుంచుకొనలేదు. బాలుని ముఖము తెల్లబోయెను. వాడు తన ప్రోగ్రామును ఆద్యంతము చదివి, "నేను సరిగ్గానే రాశాను మాస్టారూ" అనుచు కన్నీరు పెట్టుకొనెను.

ఇక చరిత్ర.

ఒక ప్రోగ్రాము మఱియొక ప్రోగ్రామును పిలుచుట నేడు ఊపిరి వలె సహజము. తొలుత నట్లు లేదు. 1950ల నాటి యంత్రములలో పనివారు రంధ్రములు పొడిచిన అట్టముక్కల కట్టను తెచ్చి ఆపరేటరున కిచ్చి, గంటలకొలది వేచి, ఫలితమును కాగితములమీద పుచ్చుకొని పోయెడివారు. ఒక కట్ట ముగిసిన పిదప మఱియొక కట్ట. పిలుచుట యను మాటకు అక్కడ తావు తక్కువ. 1961 నవంబరులో అమెరికాలోని ఎమ్ ఐ టి విద్యాలయమున ఫెర్నాండో కోర్బటో యను నాచార్యుడును ఆయన సహచరులును సీ టీ ఎస్ ఎస్ అను వ్యవస్థను ప్రదర్శించిరి. అందులో ఒకే యంత్రమును పలువురు, ఎవరి టైపురైటరు వద్ద వారు కూర్చుండి, వాడుకొనవచ్చును. యంత్రము తన కాలమును తునకలు చేసి అందఱికిని పంచును. మనుష్యుడు ఆజ్ఞ కొట్టుట, యంత్రము బదులు కొట్టుట యను సంభాషణము అచ్చట స్థిరపడినది.

ఆ విద్యాలయములోనే పని చేసిన లూయీ పూజా అను ఫ్రెంచివాడు 1963, 64 ప్రాంతమున రన్‌కామ్ అను ప్రోగ్రామును వ్రాసెను. ఆజ్ఞలన్నిటిని వరుసగా ఒక ఫైలులో వ్రాసి యుంచినచో అది ఒక్కొక్కదానినే చదివి నడిపించును. అనగా మనుష్యుడు కొట్టవలసిన యాజ్ఞను మనుష్యునకు బదులు ఒక ప్రోగ్రామే యిచ్చినది. తరువాత మల్టిక్స్ అను మహావ్యవస్థకై యోచించుచు అతడే ఇట్టి యాజ్ఞాగ్రాహకమునకు 'షెల్లు' అని పేరు పెట్టెను. షెల్లనగా చిప్ప. లోపలి వ్యవస్థకు కెర్నెల్ అనగా గింజ యని పేరు. కొబ్బరికాయ నెఱిగిన మనకు ఇంతకంటె వ్యాఖ్యానము వలదు. లోపలిది మేలైనది, చేతికి తగులునది చిప్ప.

మల్టిక్స్ పనిలో పాలుపంచుకొన్న బెల్ ప్రయోగశాల 1969లో అందుండి తప్పుకొనెను. అచ్చటి కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ అను వారికి చేతిలో నున్న మంచి వ్యవస్థ పోయినట్లయ్యెను. న్యూజెర్సీలోని మరీ హిల్ అను చోట ఒక మూల పడియున్న పీ డీ పీ - 7 అను చిన్న యంత్రము మీద థామ్సన్ తన వ్యవస్థను తాను కట్టుకొన నారంభించెను. దాని జ్ఞాపకశక్తి 8192 పదములు మాత్రమే. ఆ వ్యవస్థయే తరువాత యూనిక్స్ అని ప్రసిద్ధి కెక్కినది. మా పాఠశాలలోని లినక్సు దాని వంశమర్యాదను పాటించి నడచుచున్నదే. పీ డీ పీ - 7 మీద తొలి దినములలో ఒక ప్రోగ్రాము మఱియొకదానిని ఎట్లు పిలిచెడిదో రిచీ తాను 1979లో వెలువరించిన చరిత్రవ్యాసమున వివరించినాడు. ఆ భాగము చదివినప్పుడు నాకు శంకరవిజయకథ జ్ఞప్తికి వచ్చెను.

ముందొక మాట. ప్రోగ్రాము వేఱు, ప్రాసెస్ వేఱు. గ్రంథములోని నాటకము ప్రోగ్రాము. రంగముమీద ఆడబడుచున్న నాటకము ప్రాసెస్. ఆ యంత్రమునకు టెర్మినళ్ళు రెండు. కావున ప్రాసెస్‌లును రెండే. ఒక్కొక్క టెర్మినలున కొక్కొక్కటి. అనగా రంగము లవి రెండే, ఏ నాటకమైనను వానిమీదనే ఆడవలెను. షెల్లు మనుష్యుడు కొట్టిన యాజ్ఞను చదువును. ఆ పేరుగల ప్రోగ్రామును డిస్కుమీద వెదకి తెఱచును. పిమ్మట ఒక చిన్న తునకను జ్ఞాపకశక్తి చివర నుంచి, పగ్గములు దాని చేతి కిచ్చును. ఆ తునక క్రొత్త ప్రోగ్రామును తెచ్చి షెల్లు మీదనే పఱచును. షెల్లు అచ్చట మాసిపోవును. దేహ మదే, జీవుడు మాఱినాడు. ఇది పరకాయప్రవేశము కాక మఱేమి? కాని శంకరుల దేహమును శిష్యులు గుహలో కాపాడి యుంచిరి. ఇక్కడ కాపాడువారు లేరు. వచ్చిన ప్రోగ్రాము తన పని ముగించి సెలవు పుచ్చుకొనగానే వ్యవస్థ షెల్లు యొక్క క్రొత్త ప్రతిని డిస్కునుండి తెచ్చి మఱల పఱచెడిది. ప్రతి యాజ్ఞకును షెల్లునకు మరణమును పునర్జన్మమును తప్పవు. పూర్వజన్మస్మృతి యుండదు. ఒక పని నడచుచుండగా రెండవది మొదలుపెట్టు మార్గమును లేదు.

ఈ చిక్కును విప్పిన యుపాయమునకు పేరు ఫోర్కు. మన పల్లెలలో పంగ యందుము. ఒక కొమ్మ రెండుగా చీలుచోటు. 1963లో మెల్విన్ కాన్వే యను నాతడు బహుయంత్రవ్యవస్థలను గూర్చి వ్రాసిన వ్యాసమున, నడచుచున్న పని రెండు పాయలుగా చీలుటకు ఈ పేరు వాడెను. బర్క్‌లీ విశ్వవిద్యాలయమున జీనీ యను పథకములో కట్టిన వ్యవస్థలో అట్టి సౌకర్యము ఉండెను. థామ్సన్ చదివినది ఆ విశ్వవిద్యాలయముననే. యూనిక్స్‌లోని ఫోర్కు మిక్కిలి సరళమైనది. పిలిచిన ప్రాసెస్ యథాతథముగా రెండగును. సూర్యుని తేజమును భరింపలేక సంజ్ఞాదేవి తన ఛాయను అచ్చముగా తన రూపున నిలిపి పోయినట్లు, జ్ఞాపకమున నున్నదంతయు ప్రతియై నిలుచును. మఱి ఇద్దఱిలో తల్లి యెవరు, ఛాయ యెవరు? ఫోర్కు ఒక్కసారి పిలువబడి రెండుసార్లు బదులు చెప్పును. తల్లికి బిడ్డయొక్క సంఖ్యను చెప్పును. బిడ్డకు సున్న చెప్పును. తనకు సున్న వినవచ్చిన ప్రాసెస్ 'నేను బిడ్డను' అని తెలిసికొనును. ఈ యేర్పాటులోని లాఘవమునకు పాణిని సంతసించెడివాడని నా నమ్మకము. అర్ధమాత్ర తగ్గినచో పుత్రోత్సవ మను నానుడి వైయాకరణులది గదా! పీ డీ పీ - 7 మీద ఈ ఫోర్కునకు పట్టినవి సరిగా 27 పంక్తులు.

అంత తక్కువలో ముగియుటకు కారణము కలదు. పరకాయప్రవేశవిద్య ముందే షెల్లులో నున్నది. ప్రాసెస్‌ను జ్ఞాపకమునుండి డిస్కునకు దించు విద్యయు నున్నది. ప్రాసెస్‌ల పట్టికను కొంత పెంచి, ప్రతిని డిస్కుమీద నుంచునట్లు చేసిరి, అంతే. ఇప్పుడు షెల్లు చావ నక్కఱలేదు. తాను ఫోర్కై, బిడ్డను పరకాయప్రవేశమునకు పంపి, తాను వేచియుండవచ్చును; వేచియుండక వేఱొక యాజ్ఞ నందుకొననువచ్చును.

కాని వెంటనే ఒక వింత జరిగినది. ఫోర్కు వచ్చిన యుత్సాహములో నుండగా 'సీ హెచ్ డిఐఆర్' అను నాజ్ఞ పని మానుకొనెను. అది మనము కూర్చున్న ఫోల్డరునుండి వేఱొక ఫోల్డరునకు మార్చు నాజ్ఞ. కొట్టినచో తప్పేమియు చెప్పదు. కాని మనము ఉన్నచోటనే యుందుము. ఫోర్కునకును దీనికిని సంబంధమేమని వారు వ్రాసిన దంతయు మఱల చదివి తలలు పట్టుకొనిరి. తుదకు తెలిసినది. పూర్వము టెర్మినలునకు ప్రాసెస్ ఒక్కటే గనుక, ఆ యాజ్ఞ దాని స్థానమును మార్చి పోయినను, పునర్జన్మ మెత్తిన షెల్లు ఆ క్రొత్త స్థానముననే లేచెడిది. ఇప్పుడో, షెల్లు బిడ్డను కనుచున్నది. బిడ్డ నిష్ఠగా తన స్థానమును తాను మార్చుకొనుచున్నది. మార్చుకొని వెంటనే మరణించుచున్నది. తల్లి కదలుట లేదు. ఒకనిని కాశికి పంపి, వాడు గంగలో మునిగి అక్కడనే కన్ను మూసినచో, పంపినవాడు కాశిలో నుండునా? కావున ఆ యొక్క యాజ్ఞను బిడ్డకు అప్పగింపక షెల్లు తానే చేయునట్లు మార్చిరి. నేటికిని లినక్సు షెల్లులలో 'సీడీ' యను నాజ్ఞ షెల్లు లోపలనే యుండుటకు కారణ మిదియే.

ఇక్కడ ఉపాధ్యాయుడనగుటచే ఒక పిట్టకథ చెప్పక యుండలేను. 1975 నాటి ఆఱవ కూర్పు యూనిక్స్‌లో ఒక ప్రాసెస్ నుండి మఱియొకదానికి మాఱు చోట, ఇది నీకు అర్థము కావలెనని మేము కోరుట లేదను భావముగల వ్యాఖ్య యొకటి గలదు. చదివినవారు దానిని గర్వోక్తిగా తలచిరి. కాని రిచీ తరువాత చెప్పిన దేమనగా, అది పరీక్షలో రాదు లెమ్మని విద్యార్థులకు చెప్పు మాట వంటిదట. పైగా అచ్చట నిజముగా జరుగుచున్నది తమకును అప్పు డర్థము కాలేదట. సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయమున జాన్ లయన్స్ అను నుపాధ్యాయుడు ఆ కూర్పునకు పంక్తిపంక్తికి వ్యాఖ్యానము వ్రాసి 1977 నాటికి విద్యార్థుల చేతి కిచ్చెను. తరువాతి కూర్పు అనుమతిపత్రము తరగతిలో మూలమును బోధించుటను నిషేధించెను. అందుచే ఆ వ్యాఖ్యానము ఫోటోకాపీలకు ఫోటోకాపీలుగా లోకమంతయు తిరిగి, 1996లో గాని బహిరంగముగా అచ్చు పడలేదు. మల్లినాథుని వ్యాఖ్యానములు తాళపత్రములనుండి తాళపత్రములకు పాకిన దేశమువారము; మనకిది కొత్త గాదు.

పుట్టుట యొకటి, వేఱొక ప్రోగ్రాముగా మాఱుట యొకటి, ఇట్లు రెండు మెట్లుగా విడివడుటవలన ఒక మేలు కలిగినది. ఈ రెంటి నడుమ బిడ్డకు క్షణకాల మవకాశము చిక్కును. ఆ క్షణమున తాను చదువు చోటును వ్రాయు చోటును మార్చుకొనవచ్చును. పిదప వచ్చు ప్రోగ్రామునకు ఆ మార్పు తెలియనే తెలియదు. 1972లో యూనిక్స్‌నకు పైపులు వచ్చి ఒక ప్రోగ్రాము పలికినది మఱియొకదాని చెవిలో పడుటకు ఈ క్షణమే ఆధారము.

అందఱు నీ మార్గమును మెచ్చలేదు. 1993లో వెలువడిన విండోస్ ఎన్‌టీలో పుట్టుట, మాఱుట అని రెండు లేవు. క్రియేట్ ప్రాసెస్ అను నొక్క పిలుపే యుండును. ఫోర్కునకు చెప్పవలసిన దొక్కటియు లేదు; దీనికి పది విషయములు చెప్పవలెను. అందొకదానిలో, క్రొత్త ప్రోగ్రామునకు క్రొత్త కన్సోలు విండో తెఱువుమను సంకేతమును చేర్పవచ్చును. 2019లో నలుగురు పరిశోధకులు ఫోర్కు కాలము చెల్లినదని ఒక వ్యాసము వ్రాసిరి. మహాకాయముగల నేటి ప్రోగ్రామును అచ్చముగా రెండు చేయబోవుట తగదనియు, ఒకే ప్రాసెస్‌లో పలు పోగులు నడచునప్పుడు ప్రతి చేయుట ప్రమాదమనియు వారి వాదము. విద్యార్థులకు దానిని చరిత్రగా చెప్పవలెను గాని మొదటి పాఠముగా చెప్పరాదని కూడ వారనిరి. వాదములో బలము కలదు. వ్రాత పడువఱకు నిజముగా ప్రతి చేయకుండ తల్లిబిడ్డలకు ఒకే పుటలను చూపు కౌశలము చేరినను, మూలదోషము తీఱలేదు. ఫోర్కు మహాసిద్ధాంతముగా పుట్టలేదు. 27 పంక్తులలో ముగియు సులువుగా పుట్టినది. అయినను చరిత్ర మొదటి పాఠమున కక్కఱకు రాదనుమాట నా కెక్కదు. ఆ నడిమి క్షణమును చూడనివానికి పైపు ఎట్లు తెలియును?

టెర్మినలు కథ వేఱొకటి. తొలి యూనిక్స్ పనివారు టెలిటైపు మోడల్ 33 వంటి యంత్రముల ముందు కూర్చుండెడివారు. అది 1963లో వచ్చినది. సెకనునకు పది యక్షరములు కొట్టును, అన్నియు పెద్దబడి అక్షరములే. కాగితపుచుట్ట కదలుచుండును, గది యంతయు చప్పుడు. నేటికిని లినక్సులో టెర్మినలునకు 'టీటీవై' యను పేరు ఆ టెలిటైపునుండి వచ్చినదే. ఆ చప్పుడుయంత్రమున కొక గుణము కలదు. కాగితముమీద పడిన మాట మాయము గాదు. మా బాలుడు అట్టి యంత్రము ముందు కూర్చుండి యున్నచో ఆ పంక్తిని చింపి చేత బట్టుకొని యుండెడివాడు.

తరువాత కాగితమునకు బదులు అద్దము వచ్చినది. 1978లో వచ్చిన వీటీ 100 అనునది పంక్తికి 80 అక్షరములు, తెరకు 24 పంక్తులుగా చూపెను. ఆ కొలత నేటి విండోలకును పెక్కింటికి ఒరవడి. అటుపిమ్మట తెరమీద బొమ్మలు గీయు యంత్రములు వచ్చినవి. ఒక తెరమీద పలు విండోలు. అయితే పాత ప్రోగ్రాము లన్నియు టెర్మినలుతో మాటలాడ నేర్చినవే; వానిని తిరుగ వ్రాయు టెట్లు? వానికి ఎదుట నిజమైన టెర్మినలే యున్నదని భ్రమింపజేసిరి. దీనికి కూట టెర్మినలు అనదగిన 'పీటీవై' యని పేరు. 1983లో బర్క్‌లీవారి యూనిక్స్ 4.2 కూర్పుతో ఇది బహుళవ్యాప్తి నొందినది. దానికి రెండు కొనలు. ఒక కొన వద్ద విండోను గీయు ప్రోగ్రాము. మఱియొక కొన వద్ద పాత ప్రోగ్రాము, తాను టెలిటైపు ముందు కూర్చున్నాననియే తలచుచు.

ఎమ్ ఐ టిలో 1984లో రాబర్ట్ షైఫ్లర్, జిమ్ గెటిస్ అనువారు ఎక్స్ అను విండోవ్యవస్థను నిర్మించుచుండిరి. ఆ వేసవిలోనే గెటిస్ వద్ద పని చేసిన మార్క్ వాండెవూర్డ్ అను విద్యార్థి ఎక్స్‌టర్మ్ అను టెర్మినలు విండో ప్రోగ్రామును వ్రాయ నారంభించెను. నలువది యేండ్లు దాటినను అది నేటికిని జీవించియున్నది. దానిని నడుపునప్పుడు 'ఈ' యను గుర్తు వేసి ఒక ప్రోగ్రాము పేరు చెప్పినచో, తాను ఫోర్కై, బిడ్డను కూట టెర్మినలు కొన వద్ద కూర్చుండబెట్టి, ఆ ప్రోగ్రాముగా మాఱనిచ్చును. విండోస్‌నకు అట్టి కూట టెర్మినలు 2018లో గాని రాలేదు. ఈ సందర్భముననే చెప్పదగిన దొకటి: 1991లో హెల్సింకి విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ వ్రాసిన టెర్మినలు ప్రోగ్రామే పెరిగి లినక్సు అయినది. విశ్వవిద్యాలయములోని యూనిక్స్‌తో ఇంటినుండి మాటలాడుటకై దాని నతడు వ్రాసికొనెను.

ఇప్పుడు మా మెఱుపు విండో రహస్యము కొంత విడినది. లోపల కూర్చున్న ప్రోగ్రాము పని ముగించి పోగానే, ఎక్స్‌టర్మునకు ఇక పనిలేదు. అదియును పోవును, విండోయు పోవును. ఆర్ ఎమ్ పని క్షణములో ముగియునది. దానిలో తప్పు లేదు. విండోను పట్టి యుంచుటకు 'హోల్డ్' అను వేఱొక గుర్తు కలదు. దానిని మేము వేయలేదు.

మఱి మార్కులు పోవుట యెట్లు? బాలుడు తన ప్రోగ్రాములో వాడినది 'సిస్టమ్' అను పిలుపు. అది 1979 నాటి ఏడవ కూర్పు యూనిక్స్‌లో నున్నది. 1989లో సీ భాషకు ఏర్పడిన ప్రమాణములోను చేరినది. దాని మర్యాద యేమనగా, మనమొక వాక్యము నిచ్చినచో దానిని షెల్లు చేతిలో పెట్టును. అనగా వంశవృక్ష మిట్లు: బాలుని ప్రోగ్రాము, దాని బిడ్డ షెల్లు, దాని వంశమున ఎక్స్‌టర్మ్, దాని బిడ్డ ఆర్ ఎమ్. రెప్పపాటులో తరములు గడచినవి. అందు మాకు తెలియక నడుమ దూరినది షెల్లు. షెల్లు చేయు మొదటి పని పదచ్ఛేదము. ఎడము కనబడిన చోట విఱచును.

పదచ్ఛేదము నా వృత్తి. తాళపత్రములలో పదముల నడుమ ఎడముండదు, చదువువాడే విఱచుకొనవలెను. 'మావిడాకులు' అని యున్నచో తోరణము కట్టవలెనో, దంపతులకు నచ్చజెప్ప వెళ్ళవలెనో విఱుపును బట్టి యుండును. ముప్పది యేండ్లు పిల్లలకు ఎడము పెట్టి వ్రాయుడని చెప్పినవాడను. ఫోల్డరు పేరులో 'మార్కులు' తరువాత ఎడము పెట్టి 'పాతవి' యని వ్రాయించినదియు నేనే. షెల్లు నా యెడమును చూచి రెండు పేర్లుగా విఱచినది. ఆర్ ఎమ్ మొదటి పేరుగల ఫోల్డరును శ్రద్ధగా తుడిచివేసినది.

ఈ దోషము బడిపిల్లలకే పరిమితము గాదు. 2001 నవంబరులో యాపిల్ వారి ఐట్యూన్స్ 2.0ను మ్యాక్ ఓఎస్ టెన్ మీద స్థాపించు ఆజ్ఞాపత్రములో, డిస్కు పేరు చుట్టును కొటేషను గుర్తులు లేకపోయెను. డిస్కు పేరులో ఎడమున్నవారిలో కొందఱి ఫైళ్ళు తుడిచిపెట్టుకొనిపోయినవి. కంపెనీవారు హుటాహుటి దానిని వెనుకకు తీసికొని 2.0.1 కూర్పును విడుదల చేసిరి. ఇంకొకటి మఱింత గంభీరమైనది. బ్యాష్ అను షెల్లు 1989 నాటిది. అది తెఱచుకొనునప్పుడు తన పరిసరములలో నున్న కొన్ని విలువలను చదువుచు, వాని తోకకు తగిలించిన పరాయి యాజ్ఞలను కూడ నడిపించు దోషము దానిలో నుండెను. దానిని 2014 సెప్టెంబరులో స్టెఫాన్ షజెలా యను నాతడు కనిపెట్టెను. వెబ్ సర్వర్లు వెనుక బ్యాషును పిలుచుచుండుటచే ఎక్కడి వారైనను వానిచేత తమ యాజ్ఞలను నడిపించుటకు వీలయ్యెను. పాతికేండ్లు ఎవరికిని కానరాక యుండినది.

షెల్లు నడుమ లేకుండ పిలుచు మార్గ మున్నది. పరకాయప్రవేశపు పిలుపునకు వాక్యము నీయక, పేర్లను విడివిడిగా పట్టికగా నీయవచ్చును. అప్పుడు విఱుచువాడే యుండడు. ఎడమున్నను ఒక పేరు ఒక పేరుగనే చేరును. పైతాన్ భాషకు 2004లో చేరిన సబ్‌ప్రాసెస్ అను నుపకరణము ఈ మార్గమునే ముందుంచినది. నన్నడిగినచో, మనుష్యుడు తన చేతితో కొట్టుటకు షెల్లు మహోపకారి. ప్రోగ్రాము మఱియొక ప్రోగ్రామును పిలుచునప్పుడు దానిని మధ్యవర్తిగా తెచ్చుకొనుట కోరి చిక్కు తెచ్చుకొనుటయే.

ఇదంతయు ఆ డిసెంబరులో మాకు తెలియదు. బాలుని కంప్యూటరు గదిలోనికి రానీయరాదనియు, తండ్రిని పిలిపించవలెననియు మాటలు వచ్చినవి. పేరు పెట్టినది నేనని వ్రాసి ఇచ్చితిని. సంక్రాంతి సెలవులలో జవాబుపత్రములు తెప్పించి వాడును నేనును మార్కులను తిరుగ నెక్కించితిమి. ముగ్గురి తెలుగు పత్రములు దొరకలేదు. పిలిచి అడిగితిమి. ఇద్దఱు వెంటనే చెప్పిరి. మూడవ బాలిక తడబడి "అరవై ఒకటండీ" అన్నది. ఆ పత్రమును దిద్దినవాడను నేను. నాకు జ్ఞాపకమున్నంతవఱకు అరువది యైదు. మనసు కొంత ఊగిసలాడినది గాని అరువది యైదే వేసితిని.

సెలవులు ముగిసిన పిదప బాలుడు వచ్చి, "ఆ విండోలో ఏముందో చూద్దాం మాస్టారూ" అన్నాడు. ఈసారి అన్నిటికిని ప్రతులు తీసి యుంచితిమి. వట్టి ఫోల్డర్లు రెండు చేసి, ఒకదానికి 'మార్కులు' అనియు, మఱియొకదానికి 'మార్కులు పాతవి' అనియు మఱల అవే పేర్లు పెట్టితిమి. 'హోల్డ్' గుర్తు వేసి మీట నొక్కెను. విండో తెఱచుకొని నిలిచినది. అందొక పంక్తి. 'పాతవి' యను పేరుగల ఫైలు గాని ఫోల్డరు గాని లేదు కనుక దానిని తొలగింపజాలనని ఆర్ ఎమ్ విన్నవించుకొనుచున్నది. మొదటిదానిని గూర్చి ఒక్క మాటయు లేదు.